విడిసెనా, విడిచెనా?

గట్టుమీద కొంగ: మా తాతయ్య నోటుపుస్తకంలో పాత వారపత్రిక ముక్కొకటి అంటించి ఉంది. రెండో ప్రపంచయుద్ధం చివర్లో తీసిన ఫొటో, కింద ఒక్క వాక్యం: "అమెరికన్ దండు జెనా కార్ఖానా విడి...ను." సరిగ్గా ఆ అక్షరం మీదే మడత పడి చిరిగింది. విడిసెనా, విడిచెనా? అంటే, దండు అక్కడ మకాం వేసిందా, వదిలి వెళ్ళిందా? ఆయన చదివి వినిపించినప్పుడు "స" విన్నట్టే గుర్తు.

పాతసిరా: జెనా కాదండీ, యేనా. జర్మనీలో కార్ల్ జైస్ కంపెనీ వాళ్ళ కటకాల (లెన్సుల) ఊరు. నా ఓటు "చె"కే. విడియడానికి "లో" కావాలి. "కార్ఖానా విడిచె" అంటే విభక్తి లేకున్నా నడుస్తుంది.

ముక్కుసూటి: ఫొటో కింద రాతకి విభక్తులెవరు చూస్తారు? 1945 ఏప్రిల్ 13న ఊళ్ళోకి దిగారు. దండు దిగితే విడిసినట్టే. "ఆక్రమించెను" అనకుండా ఈ మాట వాడిన విలేఖరికి దండం. ఆక్రమణలో తుపాకీ కనబడుతుంది, విడియడంలో పొయ్యిరాళ్ళు కూడా కనబడతాయి.

పాతసిరా: వెళ్ళిపోయారు కూడా కదా! జులై 1న ఆ ప్రాంతం సోవియట్ సైన్యం చేతికొచ్చింది. ఆలోపే జైస్ నిపుణుల్ని పదుల సంఖ్యలో, కుటుంబాలతో సహా, పడమటికి హైడెన్‌హైమ్‌కి తరలించేశారు. పత్రికకి అసలు వార్త అది.

ఏటిగడ్డ: రెండింటికీ మూలం "విడు" అని నా అనుమానం. కాడి విడిస్తేనే కదా ఎద్దులకి విడిది! సొంత సిద్ధాంతం, నిఘంటువులు విసరకండి. అన్నట్టు, ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఐ.జి. ఫార్బెన్ కంపెనీ మేడ 1945లో అమెరికన్ సేనాని ఐజెన్‌హోవర్ కార్యాలయమైంది. అక్కడ విడిసినవాళ్ళు 1990ల దాకా విడవలేదు. ఇప్పుడది యూనివర్సిటీ.

ముక్కుసూటి: తిక్కన్ని చదవండి. ఉద్యోగపర్వంలో సేనలు విడియకుండానే యుద్ధం మొదలైందా?

పాతసిరా: తిక్కన పేరెత్తగానే గెలిచినట్టు కాదు. పద్యం పెట్టండి.

ముక్కుసూటి: పుస్తకం ఊళ్ళో ఉండిపోయింది.

పాతసిరా: ఎప్పుడూ ఊళ్ళోనే ఉంటుంది లెండి.

ముక్కుసూటి: మీరు నన్నయ దాటి ఇవతలికి రారుగా, మీకెందుకు?

ఏటిగడ్డ: కొంగగారూ, వీళ్ళు తేలరు. ఫొటోలో లారీ ఏమైనా ఉందా? లోపలికి వస్తోందా, బయటికి పోతోందా?

గట్టుమీద కొంగ: ఉంది. మూతి మటుకు మడతలోకి పోయింది.