నాటు తుపాకితో కుందేలు, కంజు పిట్ట వేటకు సీజన్ పెట్టి లైసెన్స్ ఇవ్వాలా? మీరేమంటారు

దేవరకొండ పోరడు:
మా బంధువు ఒకాయన అమెరికాలో ఉంటాడు. అక్కడ గొట్టం మూతి నుంచి మందు కూరే పాతకాలం తుపాకులతో ఉడతలు, కుందేళ్లు కొట్టడం చాలామందికి సరదా, జింకల వేటకైతే చాలా రాష్ట్రాల్లో ఆ తుపాకులవాళ్లకే విడిగా సీజన్ ఇస్తారు. దాంట్లో నాకు న్యాయం కనిపించింది. ఒక్క దెబ్బే, మళ్లీ కూరేలోపు కుందేలు గుట్ట దాటేస్తుంది. ముప్పై మీటర్లు దాటితే తగిలితే తగిలినట్టు. ఇక్కడ ఎలాగూ రాత్రిళ్లు తలకి లైట్ కట్టుకుని దొంగచాటుగా కొడుతూనే ఉన్నారు కదా, అదేదో ఫీజు పెట్టి, మనిషికి ఇన్ని అని లెక్క పెట్టి ఇస్తే అడవి శాఖకి డబ్బులైనా వస్తాయి. తిట్టకుండా చెప్పండి.

చందంపేట రైతు:
తమ్మీ, కుందేలు ఎవరికి అడ్డమొచ్చింది? అది తినేది నాలుగు మొలకలు. పందుల గుంపు ఒక్క రాత్రి దిగితే పల్లి చేను నాగలి పెట్టి దున్నినట్టు ఉంటుంది, పొద్దున పోయి చూస్తే తీగలన్నీ బోర్లా పడి, కింద నమిలి ఊసిన పొట్టు. మా తాతకి పంట కాపలా కోసం లైసెన్స్ తుపాకి ఉండేది. ఎలక్షన్ వచ్చిందంటే స్టేషన్‌లో అప్పజెప్పాలి, మళ్లీ తిరిగి తెచ్చుకోవాలి, ఆ తిరుగుడుకే ఆయన సగం ముసలోడయ్యాడు. అడిగితే దాని గురించి అడుగు.

పాత బీట్:
నేను అటవీ శాఖలో చేసి రిటైరయ్యాను కాబట్టి చట్టం సంగతి చెప్తాను. 1959 ఆయుధాల చట్టం 13వ సెక్షన్‌లోనే పంట కాపలాకి మూతి నుంచి కూరే తుపాకికి లైసెన్స్ ఇవ్వొచ్చని ఉంది, రైతు అన్న చెప్పింది అదే. కానీ తుపాకికి లైసెన్స్ ఉంటే వేటకి లైసెన్స్ ఉన్నట్టు కాదు, జనం పొరబడేది ఇక్కడే. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం వేట నిషేధం. 2022 సవరణ తర్వాత కుందేలు రెండో షెడ్యూల్‌లో (చట్టం కాపాడే జంతువుల పట్టికలో) ఉంది, మూడేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. పొరపాటున నెమలి పడిందా, అది మొదటి షెడ్యూల్, కనీసం మూడేళ్లు, ఏడేళ్ల దాకా పోవచ్చు. లైసెన్స్ లేని తుపాకి దొరికితే అది వేరే కేసు, 2019 సవరణ తర్వాత రెండు నుంచి ఐదేళ్లు.
ఇంక సీజన్ అంటున్నావు. మన కుందేలు ఏడాది పొడుగునా ఈనుతుంది. ఏ నెలలో తెరిచి ఏ నెలలో మూస్తావు?

దేవరకొండ పోరడు:
సార్, చట్టం ఏముందో తెలుసు, మారాలా వద్దా అనేదే నా ప్రశ్న. కర్ణాటకలోని కొడగులో కొడవ జనానికి తుపాకి లైసెన్సే అక్కర్లేదు కదా, అక్కడేం కొంపలు మునిగాయి?

పాత బీట్:
ఆ మినహాయింపు తుపాకి దగ్గర పెట్టుకోవడానికి. కుందేలు కొడితే కొడగులోనూ ఇదే కేసు.

గురి చూసేవాడు:
షూటింగ్ రేంజ్‌కి పోయే అలవాటు ఉంది, ఆ పాత తుపాకుల పని తెలుసు, అందుకే ఈ “న్యాయం” మాట నాకు ఎక్కట్లేదు. నున్నటి గొట్టంలోంచి వచ్చే ఛర్రాలు (చిన్న చిన్న గుండ్లు) గుత్తిగా పోవు, పోనుపోను విడిపోతాయి. ఇరవై మీటర్లలో కుందేలు అక్కడికక్కడే పడుతుంది. నలభైలో రెండు ఛర్రాలు తొడలో దిగితే అది పడదు, తుమ్మ పొదలోకి దూరి మర్నాడెప్పుడో చస్తుంది. మనిషికి ఇన్ని అని లెక్క పెడతానన్నావు, పొదలో చచ్చింది ఆ లెక్కలోకి వస్తుందా? ఒక్క దెబ్బే అన్నది దానికి అవకాశం అనుకుంటున్నావు, గాయపడ్డదానికి రెండో దెబ్బ వేసే వీలు లేదన్నది కూడా అదే మాట.
మందు తడిసిందంటే ఇంకా ఘోరం. మందుని అంటించే టోపీ టప్పుమంటుంది, తుపాకి పేలదు. చేతగానివాడు ఏమైందా అని మూతిలోకి చూస్తాడు, అప్పుడు పేలుతుంది. తెలిసినవాడైతే గొట్టం ఎవరూ లేని వైపు పెట్టి కదలకుండా కాసేపు ఆగుతాడు. మన దగ్గర నాటు తుపాకులంటే చాలావరకు పైపుతో చేసినవి, పగిలితే ముందు పోయేది పట్టుకున్నవాడి వేళ్లే.
పందికి ఇదే తుపాకి వాడొచ్చా అంటారేమో. మగపందికి భుజం మీద చర్మం డాలులా మందంగా ఉంటుంది, చిన్న ఛర్రాలు దాంట్లో ఇరుక్కుంటాయి, అంతే. తర్వాత అది మీ మీదికి వస్తుంది. అంటే ఈ తుపాకి సరిపోయే జంతువు పంట పాడు చేయదు, పంట పాడు చేసేదానికి ఈ తుపాకి చాలదు. 1959 చట్టంలోనే, ఇది చాలదనిపిస్తే వేరే నున్న గొట్టం తుపాకికి ఇవ్వొచ్చని పక్కనే రాశారు.

అచ్చంపేట అడవి:
అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ 2,611 చదరపు కిలోమీటర్లు, అందులో పెంటల్లో (అడవి లోపలి చిన్న గూడేల్లో) బతికే చెంచులు తరతరాలుగా విల్లంబులతో వేటాడినవాళ్లు. 2006 అటవీ హక్కుల చట్టం వాళ్లకి తేనె, బంక, భూమి మీద హక్కు ఇచ్చింది, వేటని మాత్రం పేరు పెట్టి మరీ తీసేసింది. కుందేలు దొరికితే కుండలో వేసుకునేవాడికి లేని హక్కు, ఫీజు కట్టగలడని హైదరాబాద్ నుంచి కార్లో వచ్చేవాడికి ఇద్దామా? తెరిస్తే ముందు పెంటలకి తెరవాలి. అది చేయమంటే ఇక్కడ ఒక్కరూ చేయెత్తరు.

మక్తల్ అక్క:
మా వైపు కృష్ణ జింకలు కంది చేలో పడుతుంటే ఏం చేయలేక కూర్చున్నాం, మీరు సరదా వేట గురించి మాట్లాడుకుంటున్నారు. సరే, వంటింటి సంగతి చెప్తా. మా ఇంట్లో ఒకప్పుడు ఎవరో తెచ్చిన కుందేలు కోసినప్పుడు తొడ కండ చుట్టూ నల్లగా రక్తం గడ్డకట్టి ఉంది, వేలితో నొక్కితే మిరియం గింజంత సీసం గుండు బయటికొచ్చింది. ఏరినవి కనబడతాయి, ఎముకకి తగిలి నుజ్జయిన ముక్కలు కనబడవు, కూరతో పాటు పిల్లల పొట్టలోకి పోతాయి. ఆ అమెరికాలోనే నీటి పక్షుల వేటకి సీసం ఛర్రాలు 1991లో దేశమంతా ఆపేశారు, మీ బంధువుని అడుగు తమ్ముడూ. కంజు తినాలనిపిస్తే ఫారం కంజులు దొరుకుతాయి, పోయి కొనుక్కో.

చందంపేట రైతు:
నేను మంచె మీద పడుకుంటాను. రాత్రి లైట్ చేను మీదుగా తిరుగుతుంటే లేచి అరుస్తా, నేను మనిషినిరా అని. లైసెన్స్ ఇచ్చినా ఆ లైట్లు ఆగవు, పైగా అడిగితే కాగితం చూపిస్తారు.

దేవరకొండ పోరడు:
అన్నా, అయితే పగటి పూట మాత్రమే అని షరతు పెడితే? అందరూ దొంగవేటగాళ్ల లెక్క చూస్తున్నారు, నేను అడిగింది పద్ధతి ప్రకారం చేసేవాళ్ల కోసం.

పాత బీట్:
పగలు కుందేలు పొదలో పడుకుంటుంది బాబూ, చీకటి పడ్డాకే మేతకొస్తుంది. నీ షరతుతో వేటే జరగదు, జరిగితే షరతు ఉండదు.

చందంపేట రైతు:
సార్, కుందేలు సంగతి ఇక చాలు. పందులకి అనుమతి ఉన్న షూటర్లని పంపిస్తారంటారు కదా, అది ఎవరిని అడగాలి? మా ఊళ్లో కొందరు విసిగిపోయి చేను చుట్టూ కరెంటు తీగ పెడుతున్నారు, నాకు దానికే టెన్షన్.

పాత బీట్:
తీగ మాత్రం పెట్టనివ్వకండి, పంది కన్నా ముందు నీళ్లు కట్టడానికి పోయే మనిషి పోతాడు. నిలబడ్డ పంటకి నష్టం చేసే జంతువుల్ని కొట్టడానికి వన్యప్రాణి చట్టం 11వ సెక్షన్ కింద రాతపూర్వక అనుమతి ఇవ్వొచ్చు. పాడైన చేను ఫొటోలు, పట్టా పాస్‌బుక్ జిరాక్స్ పెట్టి రేంజ్ ఆఫీసులో దరఖాస్తు ఇవ్వండి, రసీదు తీసుకోకుండా రావద్దు.