పాత మారుతి 800 వేడెక్కుతుంటే థర్మోస్టాట్ వాల్వు తీసేయడం సబబేనా?

మన్నేరు (ప్రశ్న):
మా ఇంట్లో 1996 నాటి కార్బ్యురేటర్ మారుతి 800 ఉంది. కావలి నుంచి నెల్లూరు దాకా హైవే మీద వెళ్తున్నంత సేపూ టెంపరేచర్ ముల్లు సగం దాటదు గానీ, ట్రంకు రోడ్డు ట్రాఫిక్‌లో చిక్కుకుని నిదానంగా కదలడం మొదలుపెట్టేసరికి ఎర్రగీత వైపు పాకుతుంది. షెడ్డు మేస్త్రీ గారు చూసి, ఇంజిన్ కాగేదాకా నీళ్లను రేడియేటర్‌కు పోనివ్వకుండా ఆపే ఈ థర్మోస్టాట్ వాల్వు చలిదేశాల వాళ్లకోసం పెట్టినదనీ, మన ఎండలకు దీని అవసరమే లేదనీ చెప్పి, థర్మోస్టాట్‌ను తీసేసి మూత బిగించి ఇచ్చారు. అప్పటినుంచి పొద్దున్నే ఇంజిన్ వేడెక్కడానికి చాలా సేపు పడుతోంది, చోక్ ఎక్కువసేపు లాగి ఉంచాల్సి వస్తోంది, పెట్రోలు కూడా ఎక్కువే తాగుతోంది. ట్రాఫిక్‌లో ముల్లు మాత్రం ఎప్పటిలాగే లేస్తోంది. మళ్లీ వాల్వు పెట్టించమని మా తమ్ముడు, ఉన్నదాన్ని కదపవద్దని మా బాబాయి పట్టుబడుతున్నారు. అనుభవం ఉన్నవారు కారణాలతో సహా చెప్పగలరు.

పాతషెడ్డు:
మీ బాబాయి గారి మాటే నా మాట. అంబాసిడర్ల కాలం నుంచి ఈ పని చేస్తున్నాను. రోహిణీ కార్తెలో దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్ ఎక్కుతున్న బండిలో ఆ వాల్వు మూసుకున్నది మూసుకున్నట్టే బిగుసుకుపోతే, నీళ్లు రేడియేటర్‌కు చేరే దారే ఉండదు. డ్రైవరు ముల్లు చూసుకునేలోపే సిలిండర్ల మీద మూతలా ఉండే హెడ్డు వంగిపోతుంది, దాని కింద సీలుగా ఉండే గ్యాస్కెట్ పోతుంది. హెడ్డు దించి, ఫేసింగ్ చేయించి అంటే చదును చేయించి, మళ్లీ ఎక్కించడానికి అయ్యే ఖర్చు ముందు మైలేజీలో తగ్గే ఒకటి రెండు కిలోమీటర్లు లెక్కలోకి రావు. పైగా ఇప్పుడు బజారులో దొరికే డూప్లికేటు వాల్వులను నమ్మి ఎవరికీ పూచీ ఇవ్వలేము.

గుండ్లకమ్మ:
పాతషెడ్డు గారూ, వాల్వు బిగుసుకుపోతే జరిగే నష్టం గురించి మీరు చెప్పింది అక్షరాలా నిజం. అయితే మన్నేరు గారి బండిలో జరుగుతున్నది అది కాదు. వాల్వు మూసుకుపోయి ఉంటే హైవే మీద కూడా వేడెక్కేది. హైవే మీద బాగుండి ట్రాఫిక్‌లో మాత్రమే వేడెక్కే బండిలో ముందు అనుమానించవలసింది ఫ్యాన్‌ను, ఎందుకంటే వేగంగా వెళ్తున్నప్పుడు ఎదురుగాలే రేడియేటర్‌ను చల్లబరుస్తుంది, బండి నిలబడితే ఆ పని ఫ్యాన్ ఒక్కటే చేయాలి. అంబాసిడర్‌లో ఫ్యాన్ బెల్టుతో తిరుగుతుంది కాబట్టి ఇంజిన్ తిరిగినంత సేపూ అదీ తిరుగుతుంది. 800లో అది కరెంటు ఫ్యాన్ కావడం వల్ల స్విచ్, ఫ్యూజు, రిలే, మోటారు వీటిలో ఏది చెడినా ఆగిపోతుంది. నీళ్లు వేడెక్కగానే ఫ్యాన్‌ను తిప్పించే థర్మో స్విచ్‌కు రెండు వైర్ల కనెక్టర్ ఉంటే దాన్ని విప్పి, ఇగ్నిషన్ వేసి, ఆ రెండు కొసలనూ వైరు ముక్కతో కలపండి. ఫ్యాన్ తిరిగితే స్విచ్ పోయినట్టు, తిరగకపోతే ఫ్యూజు నుంచి మోటారు దాకా వెతకాలి. చేయి మాత్రం రెక్కలకు దూరంగా ఉంచండి.

ఇక వాల్వు తీసేయడం వల్ల జరిగే నష్టం మైలేజీతో ఆగదు. థర్మోస్టాట్ సాధారణంగా 82 నుంచి 88 డిగ్రీల దగ్గర తెరుచుకునేలా చేసి ఉంటుంది, ఇంజిన్ ఆ వేడికి త్వరగా చేరాలన్నదే దాని ఉద్దేశం. అది లేకపోతే, ముఖ్యంగా దగ్గర ప్రయాణాల్లో, ఇంజిన్ చాలా సేపు చల్లగానే నడుస్తుంది. ఆవిరి కాని పెట్రోలు సిలిండరు గోడల మీది ఆయిల్ పొరను కడిగేసి కింద ఆయిల్‌లో కలుస్తుంది, పిస్టన్ రింగులు త్వరగా అరుగుతాయి. లోపలి తేమ బయటికి పోక, ఆయిల్ పోసే మూత కింద తెల్లటి జిడ్డుగా పేరుకుంటుంది. దాన్ని చూసి గ్యాస్కెట్ పోయిందనుకుని అనవసరంగా హెడ్డు దించిన సందర్భాలు నేను చూశాను. నిజంగా గ్యాస్కెట్ పోయిన బండిలో అయితే, చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీసి స్టార్ట్ చేస్తే బుడగలు ఆగకుండా వస్తూనే ఉంటాయి, నీళ్లు కూడా రోజురోజుకూ తగ్గుతుంటాయి.

పెన్నాతీరం:
వాల్వు తీసేస్తే నీళ్లు మరీ వేగంగా పరుగెత్తి, రేడియేటర్‌లో చల్లబడటానికి సమయం చాలదని విన్నాను. ట్రాఫిక్‌లో వేడెక్కడానికి అదే కారణం కావచ్చు కదా?

గుండ్లకమ్మ:
ఈ మాట ప్రతి షెడ్డులోనూ వినిపిస్తుంది గానీ, అది నిలవదు. నీళ్లు రేడియేటర్‌లో తక్కువ సేపు ఉంటే ఇంజిన్‌లో కూడా తక్కువ సేపే ఉంటాయి, అన్ని సార్లు ఎక్కువగా చుట్టి వస్తాయి. ప్రవాహం పెరిగితే మామూలుగా చల్లదనం పెరుగుతుందే తప్ప తగ్గదు. అసలు చిక్కు వేరే చోట ఉంది. కొన్ని ఇంజిన్లలో థర్మోస్టాట్ తెరుచుకునేటప్పుడే దాని రెండో వైపు బైపాస్ దారిని మూసేస్తుంది. అటువంటి ఇంజిన్లలో వాల్వు తీసేస్తే బైపాస్ ఎప్పుడూ తెరిచే ఉండి, వేడి నీళ్లలో కొంత భాగం రేడియేటర్ మొహం చూడకుండానే మళ్లీ ఇంజిన్‌లోకి వెళ్లిపోతుంది. వేడి తగ్గాలని చేసిన పనే వేడిని పెంచేది అక్కడే.

కనిగిరి బోరు:
అందరూ వాల్వు దగ్గరే ఆగిపోయారు. మా వైపు బండ్లను చంపేది నీళ్లు. మేము తాగే నీళ్లలో ఫ్లోరైడ్ ఉందని లోకమంతా ఎరుగును, కానీ రేడియేటర్‌కు పట్టేది అది కాదు, అదే బోరు నీళ్లలోని సున్నం. నీళ్లు కాగిన కొద్దీ అది గోడలకు గారగా పట్టుకుంటుంది. మా షెడ్డులో పాత రేడియేటర్ పై ట్యాంకు విప్పి చూపిస్తే, సన్నటి గొట్టాల నోళ్లు సగానికి పైగా బూడిదరంగు గారతో పూడుకుపోయి, పుల్ల దూర్చినా దిగనంతగా ఉన్నాయి. అటువంటి రేడియేటర్‌కు వాల్వు ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. సముద్రం ఒడ్డు ఊళ్లలో ఉప్పు నీళ్లు పోసేవారికి గారతో పాటు చిలుం కూడా తోడవుతుంది. డిస్టిల్డ్ వాటర్‌లో కూలెంట్ కలిపి పోయడం తప్ప వేరే మార్గం లేదు. గడ్డకట్టే చలి మనకు లేకపోయినా, లోపల తుప్పు పట్టకుండా ఆపేది అందులోని మందే.

రేడియేటర్ మూతను కూడా చూడండి. 0.9 కేజీల మూత లోపలి ఒత్తిడిని సరిగ్గా పట్టి ఉంచితే నీళ్లు దాదాపు 118 డిగ్రీల దాకా మరగవు, దాని రబ్బరు ఎండిపోతే 100కే మరిగి పొంగిపోతాయి. వేడి మీద దాన్ని ఎవరూ తిప్పవద్దు.

పాతషెడ్డు:
ఫ్యాన్ సంగతి ముందు చూడాలన్న మాటకు ఒప్పుకుంటున్నాను. బజారు వాల్వుల మీద నా అపనమ్మకం మాత్రం పోలేదు. దారిలో వాల్వు బిగుసుకుపోతే తీసి పారేసి ఇల్లు చేరడం తప్పని ఇక్కడెవరూ అనలేరు.

గుండ్లకమ్మ:
ఇల్లు చేరడానికైతే నేనూ తీస్తాను, చేరాక కొత్తది వేస్తాను. డూప్లికేటు భయానికి మందు బిగించే ముందు పరీక్షించడమే. గిన్నెలో నీళ్లు పోసి, వాల్వును అడుగుకు తగలకుండా దారంతో వేలాడదీసి, పక్కనే థర్మామీటరు ఉంచి కాచండి. దాని మీద ముద్రించిన డిగ్రీల దగ్గర తెరుచుకోవడం మొదలుపెట్టి, నీళ్లు మరిగేలోపు పూర్తిగా లేచి, చల్లారాక మళ్లీ గట్టిగా మూసుకుంటే అది పనికొస్తుంది. ఆలస్యంగా తెరుచుకున్నదాన్ని కొట్టువాడికే తిరిగి ఇచ్చేయండి.

మన్నేరు:
మీరు చెప్పినట్టే వైరు ముక్కతో కలిపి చూశాము, ఫ్యాన్ తిరిగింది. స్విచ్ మార్పించాక ట్రంకు రోడ్డులో ముల్లు సగం దగ్గరే నిలబడింది. కొత్త వాల్వు కూడా తెచ్చి గిన్నెలో పరీక్షించాము. బిగించేటప్పుడు జాగ్రత్త పడవలసినవి ఏమైనా ఉన్నాయా?

పాతషెడ్డు:
వాల్వు అంచున చిన్న రంధ్రంలో కదిలే పిన్ను ఉంటే దాన్ని పై వైపుకు ఉంచండి, గాలి బయటికి పోయేది అక్కడి నుంచే. గ్యాస్కెట్ కొత్తది వేయండి. రేడియేటర్ మూత తీసి ఉంచి, హీటరు ఉంటే దాన్ని వేడి వైపు తిప్పి, కూలెంట్ నిదానంగా పోస్తూ పై హోస్ పైపును చేత్తో నొక్కుతూ ఉండండి. ఇంజిన్ స్టార్ట్ చేసి పై హోస్ కాలేదాకా ఆగితే వాల్వు తెరుచుకుని మట్టం ఒక్కసారిగా దిగుతుంది. అప్పుడు మిగతాది పోసి మూత పెట్టండి.