వాన రోజుల్లో పిల్లకి ఐస్‌క్రీమ్ పెట్టొచ్చా? (సింగపూర్)

సెంగ్‌కాంగ్ శీను: మా అమ్మ తెనాలి నుంచి వచ్చి రెండు నెలలైంది. మా ఇద్దరివీ ఉద్యోగాలు. నాలుగేళ్ళ పాపని చైల్డ్‌కేర్ నుంచి తీసుకొచ్చేది అమ్మే. దారిలో ఒక తాత గంట కొడుతూ ఐస్‌క్రీమ్ బండి పెడతాడు. దిమ్మ కోసి రంగుల బ్రెడ్‌లో మడిచి ఇస్తారే, అదే. డిసెంబర్ వానల్లో కూడా రోజూ కొనిపెడుతోందని మొన్న తెలిసింది. ఆ రాత్రే పాపకి జలుబు. వద్దన్నానని అమ్మ అలిగింది. నాది తప్పా?

లెక్కల మామ: జలుబు తెచ్చేది వైరస్, ఐసు కాదు. వైరస్ ఒంట్లోకి వెళ్ళాక బయటపడటానికి మామూలుగా 1 నుంచి 3 రోజులు పడుతుంది. మధ్యాహ్నం తిని రాత్రికే ముక్కు కారిందంటే అది అంతకు ముందే అంటుకుంది. చైల్డ్‌కేర్‌లో ఒకే బొమ్మని పదిమంది నోట్లో పెట్టుకుంటారు, అక్కడ చూడండి.

కృష్ణాతీరం: అయితే మా వాడికి కోన్ తిన్న ప్రతిసారీ గొంతు ఎందుకు వాస్తుంది? మీ వైరస్ కోన్‌లో దాక్కుంటుందా? వానాకాలం చల్లనివి తినకూడదని పెద్దవాళ్ళు ఊరికే అనలేదు.

లెక్కల మామ: ఏ వానాకాలం అండీ? ఇది భూమధ్యరేఖకి ఒక డిగ్రీ పైచిలుకు దూరంలో ఉంది. డిసెంబర్‌లోనూ పగలు 30 డిగ్రీలు. వేసవి వచ్చాక తిందామంటే ఇక్కడ వేసవి పోయిందెప్పుడు?

పొట్టిగారె: స్వీట్‌కార్న్ ఫ్లేవర్ తిన్నారా? కంపు కొట్టే ఆ డురియన్ పండుది మాత్రం ఇంటికి తేకండి, చెప్తున్నా.

కృష్ణాతీరం: ఎండగా ఉందని చల్లబడటానికి తింటారు, అంతేగా. మరి లోపల చల్లబడితే జలుబు చేయదా?

లెక్కల మామ: చల్లబడటం కూడా భ్రమే. 100 గ్రాముల ఐస్‌క్రీమ్‌లో దాదాపు 200 క్యాలరీలుంటాయి. దాన్ని కరిగించి ఒంటి వేడికి తేవడానికి శరీరం పెట్టే ఖర్చు అందులో పదో వంతు కూడా కాదు. చల్లగా అనిపించేది నాలుకకే.

కృష్ణాతీరం: ఇప్పుడు క్యాలరీలు ఎవరడిగారు? మా అత్తగారు ఇలాగే చాటుగా పెట్టి మా వాణ్ణి రెండుసార్లు ఆస్పత్రి పాలు చేసింది. అడిగితే "నువ్వు పుట్టకముందు నుంచీ పిల్లల్ని పెంచుతున్నా" అంది. శీను గారూ, మీరు గట్టిగానే ఉండండి.

బుజ్జి: తింటూ ఎమ్మార్టీ (మెట్రో రైలు) ఎక్కకండి. 500 డాలర్ల వరకు ఫైన్.

తాంపినీస్ లత: శీను గారూ, చిన్న సందేహం. రోజూ కొంటోందన్నారు. డబ్బులెక్కడివి?

సెంగ్‌కాంగ్ శీను: దానికీ జలుబుకీ సంబంధం ఏంటండీ?

తాంపినీస్ లత: మీకు ఈ సంగతి తెలిసిందెలాగో మీరు రాయలేదు, అందుకని.

కృష్ణాతీరం: విషయం పక్కదారి పట్టిస్తున్నారు.

తాంపినీస్ లత: నా డెలివరీకి మా అమ్మ వచ్చి మూడు నెలలుంది. ఏదీ కావాలనలేదు. వెళ్ళే రోజు ఎయిర్‌పోర్ట్‌లో "కాఫీ తాగనా?" అని నన్ను పర్మిషన్ అడిగింది. అన్నాళ్ళూ తన చేతిలో ఒక్క డాలర్ పెట్టలేదని నాకు అప్పుడు తట్టింది. ఊళ్ళో పాలవాడి లెక్క దగ్గర్నుంచీ తనే చూసుకునే మనిషి. అందుకే అడిగాను.

సెంగ్‌కాంగ్ శీను: సరే, చెప్తా వినండి. పక్క ఫ్లాట్ మలయ్ ఆవిడ దగ్గర తీసుకుందట! లిఫ్ట్‌లో ఆవిడ నవ్వుతూ చెప్తే తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కొడుకు నెలంతా సంపాదిస్తుంటే పొరుగింట్లో 2 డాలర్లు అడగడమా? పైగా అమ్మకి షుగర్. పాప పేరు చెప్పి సగం తనే తింటోంది. ఎదురుగా నన్ను అడగొచ్చుగా?

లెక్కల మామ: అంటే జలుబు కాదన్నమాట.

తాంపినీస్ లత: ఏమని అడగాలి? "నాయనా, ఐసుకి డబ్బులియ్యి" అనా? చిన్నప్పుడు మీరు ఆవిడ కొంగు పట్టుకుని అడిగినట్టా?

కృష్ణాతీరం: షుగర్ ఉన్నవాళ్ళు తినకూడదు కదా. నేను మొదటినుంచీ చెప్తున్నదదే.

లెక్కల మామ: మీరు ఒక్కసారి కూడా షుగర్ అనలేదు. పైకి వెళ్ళి చూసుకోండి.

బుజ్జి: 😂

సెంగ్‌కాంగ్ శీను: (మూడు రోజుల తర్వాత) పాపకి తగ్గింది. చైల్డ్‌కేర్‌లో ఇంకో ఐదుగురికి అదే జలుబట. లెక్కల మామ గారు సంబరపడక్కర్లేదు. నిన్న అమ్మ చేతికి 50 డాలర్ల నోటిచ్చాను. వద్దంది. బండి తాత దగ్గర అంత చిల్లర ఉండదట, రెండు డాలర్ల నోట్లు కావాలట.