వాన తిరగబడితే నావ అవుతుందా? ఆదివారం గడి మీద పంచాయితీ

ఒంగోలు గిత్త:
మా మినీ స్టేడియం వాకింగ్ బ్యాచ్‌లో ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారున్నారు. ప్రతి ఆదివారం చేత్తో గళ్ళనుడికట్టు గీసి, జిరాక్స్ తీయించి, టీ బంకు దగ్గర తలా ఒకటి పంచుతారు. అన్నీ తిరకాసు ఆధారాలే, పక్కన బ్రాకెట్లో జవాబుకి ఎన్ని అక్షరాలో ఉంటుంది. మొన్నటి గడిలో 4 అడ్డం: "వాన తిరగబడితే పడవ (2)". జవాబు "నావ" అట. నేను అరగంట సేపు "నవా, నవా" అని గొణుక్కుంటూ కూర్చున్నా. వా-న తిరగేస్తే న-వా రావాలి గదా? దీర్ఘం మొదటి గడిలోకి ఎట్టా వచ్చింది? అడిగితే "దీర్ఘం ఎక్కడిదక్కడే ఉంది నాయనా, హల్లులే మారాయి" అని నవ్వేశారు. ఇది న్యాయమేనా?

మిగతావి మాత్రం భలే ఉన్నాయి, ఆ మాటా చెప్పాలి. "మార్కాపురం సరుకు తిరగేస్తే వడ్రంగి సరుకు (3)". మార్కాపురం అనగానే పలక. ప-ల-క తిప్పితే కలప. "ఒంగోలుకీ నెల్లూరుకీ మధ్య కాపలా (3)" అంటే కావలి. ఆ స్టేషన్ వందసార్లు దాటినవాణ్ణి, వెలగడానికి పది నిమిషాలు పట్టింది.

పెన్నా ఒడ్డు:
ఇది ఆట అబ్బా, పరీక్ష పేపరు కాదు. వాన, నావ అని పైకి అను, చెవికి తిరగేసినట్టే ఉంటుంది. దీర్ఘాలూ ఒత్తులూ పట్టుకుని వేలాడితే తెలుగులో తిప్పడానికి మాటలెన్ని మిగులుతాయి? తల-లత, పలక-కలప అయ్యాక ఆ పెద్దాయన ఏం చేయాలి?

దర్శి ఆడపడుచు:
చెవికి తోచిందే లెక్కయితే వాల్మీకి సంగతి ఏం చేద్దాం అన్నా? బోయవాడు "మరా మరా" అంటే "రామ" అయిందని పెద్దలు చెబుతారు. మ-రా తిరగేస్తే రా-మ. దీర్ఘం "రా"ని అంటిపెట్టుకునే వచ్చింది. మాస్టారి పద్ధతిలో దీర్ఘం రెండో గడిలోనే ఉండిపోవాలి. అప్పుడు "మరా" తిరగేస్తే "రమా". పాపం ఆయన పుట్టలో కూర్చుని అన్నేళ్ళూ లక్ష్మీదేవిని పిలిచినట్టు!

గుణింతం అక్షరానికి ఒంటి మీద చొక్కా లాంటిది కాదు, విప్పి పక్కవాడికి తొడగడానికి. గడికి ఒక అక్షరం అని మనమే ఒప్పుకున్నాక, ఆ గడిలో ఉన్నదంతా ఒకే ముద్ద.

పెన్నా ఒడ్డు:
వాల్మీకిది తిరగేయడం కాదమ్మా. "మరామరామరా" అని గుక్క తిప్పుకోకుండా అంటే మధ్యలో "రామ" వినబడుతుంది. అది దాగుడుమూతల ఆధారం.

దర్శి ఆడపడుచు:
సరే, దాగుడుమూతలే అనుకోండి. దీర్ఘం "ర" మీదే ఉందా లేదా?

లెక్కల పంతులు:
ఇంగ్లీషు వాళ్ళలో ఈ గొడవ ఎప్పుడో నడిచింది. అబ్జర్వర్ పత్రికకు జిమెనీజ్ పేరుతో గళ్ళు కూర్చిన డెరిక్ మెక్‌నట్ 1966లో దీని మీద పుస్తకమే రాశాడు. ఆధారంలో జవాబుకు సరైన అర్థం ఉండాలి, దాన్ని న్యాయంగా పట్టిచ్చే చమత్కారం ఉండాలి, ఇంకేమీ ఉండకూడదు అన్నాడు. ఆ లెక్కన పలక పాసు. వాన ఫెయిలు, చెప్పిన పని ఒకటి, చేసింది ఇంకొకటి.

కాకపోతే వాళ్ళకి అచ్చుకో గడి, హల్లుకో గడి. మనకి "ల్లూ" మొత్తం ఒక్క గడే. నెల్లూరుని కలగాపులగం చేయమంటే మూడు ముక్కలే అటూ ఇటూ జరపాలి. "ల" కింద ఒత్తు పీకి "రు"కి పెట్టే హక్కు ఎవరికీ లేదు.

ఒంగోలు గిత్త:
మరి 8 నిలువు? "పిట్ట ఇంటికి పల్లె తోడైతే జంక్షన్ (3)". గూడు, ఊరు కలిపి గూడూరు. తిరుపతి వైపు లైను చీలేది అక్కడే, జంక్షన్ వరకు బాగుంది. కానీ విడివిడిగా రాస్తే నాలుగు అక్షరాలు. సంధి చేయమని ఆధారంలో ఎక్కడుంది?

దర్శి ఆడపడుచు:
చెప్పక్కర్లేదు. ఉత్వ సంధి నిత్యం, ఉకారం తర్వాత అచ్చొస్తే కలిసి తీరాలి. అత్వ సంధి అయితే నేనూ ఒప్పుకోను. అది బహుళం, కలవొచ్చు, కలవకపోవచ్చు, అక్కడ "కలిస్తే" అని ఒక మాట పడేయాలి. ఇక్కడ "తోడైతే" చాలు.

(నాకైతే ఈ గడిలో ఇదే బెస్ట్. కూర్పరి గారికి నా నమస్కారం చెప్పండి.)

ఒంగోలు గిత్త:
పొద్దున మాస్టారికి ఇదంతా చదివి వినిపించా. "రమా" దగ్గర టీ పొలమారింది ఆయనకి. కాసేపాగి నా చేతిలో కాగితం లాక్కుని, 4 అడ్డం కొట్టేసి, పక్కన ఇట్టా రాశారు: "వానలో హల్లులు చోట్లు మార్చుకుంటే పడవ (2)". ఓడిపోయానని మాత్రం అనలేదు. "మీకు మరీ విప్పి చెప్పాల్సొస్తోంది" అన్నారంతే.

పెన్నా ఒడ్డు:
చూశారా, ఆధారం ఎంత చప్పబడిందో. పాతదాంట్లో ఉప్పూ కారం ఉన్నాయి.

ఒంగోలు గిత్త:
చప్పగా ఉన్నా పట్టుకోవచ్చు గదా అన్నా. ఈ ఊపులో నేనూ ఒకటి కూర్చా, కాచుకోండి: "ముఖం చూసుకునేదానికి చతుర్థి తగిలిస్తే మన వైపు ఊరు (3)".

దర్శి ఆడపడుచు:
అద్దంకి. కానీ "కి" చతుర్థి కాదు తమ్ముడూ, షష్ఠి. చతుర్థికి కొఱకు, కై. మార్చి మళ్ళీ పెట్టు.