హైదరాబాద్‌లో ఇన్సులిన్ తక్కువ ధరకు, చల్లగా ఎక్కడ దొరుకుతుంది?

మేముండేది కూకట్‌పల్లి. మా అమ్మకు షుగర్, బీపీ. మెట్‌ఫార్మిన్, టెల్మిసార్టాన్ మాత్రలు జన్ ఔషధిలో కొంటున్నాం, ఆ ఖర్చు బాగా తగ్గింది. సమస్యంతా ఇన్సులిన్‌తోనే.

రోజూ రాత్రి గ్లార్జిన్ అనే ఇన్సులిన్ 24 యూనిట్లు వేస్తాం. ఇన్సులిన్ పెన్‌లో పెట్టే 3 మిల్లీలీటర్ల కార్ట్రిడ్జ్ ఒకటి పన్నెండు రోజులకు మించి రాదు, అంటే నెలకు మూడు కావాలి. వీధి చివర మందుల షాపులో 5 శాతం మించి తగ్గించరు. ఒక యాప్‌లో 18 శాతం తగ్గింపు వస్తుంది కానీ, ఏప్రిల్‌లో రెండుసార్లూ పార్శిల్ సాయంత్రం నాలుగింటికి వచ్చింది. లోపలి ఐస్ జెల్ పూర్తిగా కరిగిపోయి, డబ్బా గోరువెచ్చగా ఉంది. తెరవని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి కదా! మొదటిసారి డబ్బు వెనక్కిచ్చారు, రెండోసారి మాత్రం మందులు వాపసు తీసుకోం అన్నారు. అమ్మకు అది వేయడానికి ధైర్యం చాల్లేదు, పక్కన పెట్టేశాం.

తర్వాత ఉదయం స్లాట్ పెట్టి చూశాను, అయినా మధ్యాహ్నం దాటాకే తెచ్చారు. మూడు నెలలది ఒకేసారి కొందామంటే, పాడైతే మొత్తం పోతుందని భయం. డాక్టర్‌గారిని అడిగితే, అదే మిల్లీలీటరుకు 100 యూనిట్లుండే గ్లార్జిన్ వేరే కంపెనీదైనా వాడొచ్చు, కాకపోతే దానికి సరిపోయే పెన్నే వాడాలి అన్నారు. కాబట్టి బ్రాండ్ పట్టింపు లేదు.

కూకట్‌పల్లి, మియాపూర్, అమీర్‌పేట వైపు మీరు స్వయంగా కొంటున్న చోట, గ్లార్జిన్ కార్ట్రిడ్జ్‌లను 15 శాతమైనా తగ్గించి, ఫ్రిజ్‌లోంచి తీసి నేరుగా చేతికిచ్చే షాపు ఏది?