అప్‌డేట్: స్ట్రింగ్ టీచర్ల సంఘంలో పోటీ చేయాలా అని అడిగాను కదా

నేను అమెరికాలో మిడిల్ స్కూల్ ఆర్కెస్ట్రా టీచర్‌ని. 1946 నుంచి ఉన్న అమెరికన్ స్ట్రింగ్ టీచర్స్ అసోసియేషన్‌కి (వయొలిన్, చెల్లో లాంటి తీగ వాయిద్యాలు నేర్పే టీచర్ల సంఘం) మా రాష్ట్రంలో ఉన్న శాఖలో ప్రెసిడెంట్-ఎలెక్ట్‌గా, అంటే తర్వాత ప్రెసిడెంట్ అయ్యే పదవికి, నిలబడనా అని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. మీరు ముందు పాత ప్రెసిడెంట్‌తో మాట్లాడమన్నారు, మాట్లాడాను, చాలా మేలైంది. మా శాఖలో అది ఒక్క పదవితో పోదట. ముందు ఎలెక్ట్, తర్వాత ప్రెసిడెంట్, ఆపైన పాస్ట్ ప్రెసిడెంట్, ఒక్కోటి రెండేళ్లు, అంటే ఒకసారి ఒప్పుకుంటే ఆరేళ్లు. ఇంట్లో చిన్నపిల్లలున్నారు, డిసెంబర్ కచేరీ ముందు ఊపిరి తీసుకునే తీరికుండదు, అందుకే ఇప్పటికి బోర్డు సభ్యత్వానికే నామినేషన్ వేశాను.

అభ్యర్థిగా రాసిచ్చే పేజీలో నా అవార్డుల గురించి రాయలేదు, ఒక్క సమస్య గురించే రాశాను. చాలా స్కూళ్లలో బ్యాండ్ (ఊదే వాయిద్యాలు, డ్రమ్స్) టీచర్‌కే ఆర్కెస్ట్రా కూడా అప్పగిస్తారు. చలికాలంలో హీటర్ల వల్ల గాలి ఆరిపోయి, వాయిద్యం తీగల్ని బిగించే పెగ్గులు జారిపోతాయి, పొద్దున్నే కేసు తెరిస్తే తీగలన్నీ వదులై ఉంటాయి. పెగ్గుని తిప్పుతూనే లోపలికి నొక్కాలని, అప్పటికీ నిలవకపోతే కాస్త పెగ్ కాంపౌండ్ (పెగ్గు జారకుండా నిలిచేలా రాసే పూత) రాయాలని ఎవరూ చెప్పక ఆ టీచర్లు సగం క్లాసు ట్యూనింగ్‌కే పోగొట్టుకుంటారు, పాపం పిల్లలు విసుగెత్తి మానేస్తారు. వాళ్ల కోసం శనివారం వర్క్‌షాపులు పెట్టిస్తానని రాశాను. నాకైతే సంఘం ముందుగా చేయాల్సిన పని ఇదే అనిపిస్తుంది.

ఓటింగ్ వచ్చే నెల. గెలవకపోయినా మొదటి వర్క్‌షాప్ మా స్కూల్లోనే పెట్టుకోమని ప్రిన్సిపాల్ గది ఇచ్చారు.