బంపర్‌లో ఎల్‌ఈడీ స్ట్రిప్: హెడ్‌లైట్ వైరుకే కలపొచ్చా?

ప్రశ్న: ముందు బంపర్‌కి తెల్ల డీఆర్‌ఎల్ (పగటిపూట వెలిగే లైట్లు) స్ట్రిప్‌లు, రెండూ కలిపి 24 వాట్లు. హెడ్‌లైట్ వైరు నుంచే కరెంటు తీసుకోవచ్చా అండీ?

జవాబు 1: వద్దండీ. చాలా కొత్త కార్లలో ఆ లైన్‌ని బీసీఎం (లైట్లలాంటి వాటిని నడిపే కారు కంప్యూటర్) పల్స్‌లుగా నడుపుతుంది, స్ట్రిప్ మిణుకుమంటుంది. వైరింగ్ వారంటీ కూడా పోవచ్చు. 4 పిన్నుల రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్ చేసే స్విచ్) పెట్టండి: 30వ నంబరు పిన్నుకి బ్యాటరీ ప్లస్, 87 నుంచి స్ట్రిప్‌కి, 86కి ఇగ్నిషన్, 85 బాడీ ఎర్త్‌కి. లోడు 2 ఆంపియర్లే, 5 ఆంపియర్ల ఫ్యూజు చాలు. అది బ్యాటరీ పక్కనే ఉండాలి. దూరంగా ఉంటే మధ్యలో వైరు షార్టయినప్పుడు కాపాడేది ఏదీ ఉండదు.

జవాబు 2: అసలు తంటా అతికించడంలోనే. బంపర్ పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్, టేపు సరిగా పట్టదు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, టేపు పట్టు పెంచే ప్రైమర్ రాసి, ఆరాక అతికించండి. ఒక రోజు నీళ్లు తగలనివ్వకండి. జాయింట్లకు జిగురున్న హీట్‌ష్రింక్ (వేడి చేస్తే బిగుసుకునే గొట్టం) వాడండి. కనెక్టర్ ముందు వైరు కిందికి వంగి పైకి రావాలి, అప్పుడు నీరు ఆ వంపులోనే కారిపోతుంది.

జవాబు 3: ఇంజిన్ నడుస్తుంటే 14 వోల్టులు దాటవచ్చు, కరెంటును అదుపులో ఉంచే డ్రైవర్ సర్క్యూట్ ఉన్న స్ట్రిప్పే కొనండి. ముందువైపు ఎరుపు, నీలం మాత్రం వద్దు.